ఆ 20 గ్రాములు ఎక్కడివి? బేరింగు బండితో బలం, ద్రవ్యరాశి, త్వరణం: ప్రాజెక్టు డైరీ

జూలై మొదటి వారం: ఏం కడుతున్నాం, ఏమేం కావాలి

తొమ్మిదో తరగతిలో గమన నియమాల పాఠం అయ్యేసరికి సూత్రం పిల్లల నోటికి వచ్చేస్తుంది. బలం = ద్రవ్యరాశి × త్వరణం. రెండు ఇస్తే మూడోది తీసేస్తారు. అదే లెక్కలోకి దారం, కప్పీ, వేలాడే బరువు వచ్చాయంటే చేయి ఆగిపోతుంది. ద్రవ్యరాశి అన్నచోట ఏది వేయాలి? బండిదా, వేలాడేదా, రెండూ కలిపా? నల్లబల్ల మీద ఎంత చెప్పినా ఇది మనసులో నిలవదు, కొలిచి చూస్తే నిలుస్తుంది. అందుకే నల్లగొండ జిల్లా నకిరేకల్ వైపు ఒక హైస్కూలు సైన్సు గదిలో ఎనిమిదడుగుల పట్టా, దాని మీద నడిచే బేరింగు చక్రాల బండి కడుతున్నాం.

సామాను ఎక్కువేం లేదు. 100 మి.మీ. వెడల్పున్న అల్యూమినియం 'సి' ఛానల్ 2.4 మీటర్లు. బండి ఒంటికి 50 × 25 మి.మీ. అల్యూమినియం గొట్టం 20 సెం.మీ. ముక్క. చక్రాలుగా 608 జెడ్‌జెడ్ (రెండు పక్కలా లోహపు మూత ఉన్న రకం) బేరింగులు నాలుగు: లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, మందం 7. ఇరుసులకు ఎం8 (8 మి.మీ. మందం) త్రెడ్ రాడ్, లాక్ నట్లు, 16 మి.మీ. వాషర్లు. గాడి ఉన్న చిన్న నైలాన్ కప్పీ. చేపల గాలానికి కట్టే సన్న నైలాన్ తీగ. ల్యాబులో ఉండే 10 గ్రాముల గాడి బాట్లు, వాటిని వేలాడదీసే హ్యాంగరుతో సహా, 200 గ్రాముల బాట్లు మూడు. స్లో మోషన్ వీడియో తీసే ఫోను ఒకటి.

ఛానల్, గొట్టం రెండూ కిటికీలు చేసే అల్యూమినియం షాపులో తుక్కు ముక్కల్లోనే దొరుకుతాయి. ఛానల్ కొనేముందు ఒక కొస నుంచి ఇంకో కొసకు దారం బిగించి లాగి చూడాలి. మధ్యలో 2 మి.మీ. వంగి ఉన్నా వద్దు. వంపులోకి దిగేటప్పుడు బండి ఊరికే వేగం పుంజుకుని, ఎక్కేటప్పుడు పోగొట్టుకుంటుంది. మొత్తం కాలం దాదాపు సరిగానే కనిపిస్తుంది కాబట్టి ఆ దోషం ఎక్కడుందో తర్వాత పట్టుకోవడం చాలా కష్టం.

కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా ఈ పనికి చాలదు, అది 5 గ్రాముల మెట్టులో చూపిస్తుంది. 0.1 గ్రాము చూపే చిన్న కాంటా కావాలి.

జూలై రెండో వారం: బండి

గొట్టానికి ఇరుసు రంధ్రం మధ్యలో కొట్టకూడదు. గొట్టం ఎత్తు 25 మి.మీ., బేరింగు సగం వ్యాసం 11. మధ్యలో, అంటే 12.5 మి.మీ. దగ్గర కొడితే చక్రం నేలకు తగలదు, గొట్టమే పట్టా మీద కూర్చుంటుంది. అడుగు అంచు నుంచి 7 మి.మీ. ఎత్తులో రంధ్రం కేంద్రం పెడితే బేరింగు గొట్టం కంటే 4 మి.మీ. కిందికి దిగుతుంది. అది చాలు. రెండు పక్కల రంధ్రాలూ ఒకే దెబ్బకు, డ్రిల్లు నిటారుగా నిలిపి కొట్టాలి. విడివిడిగా కొడితే రెండు ఇరుసులూ సమాంతరంగా ఉండవు, బండి పక్కకు లాగి ఛానల్ అంచును రాసుకుంటూ పోతుంది.

వాషర్ విషయంలో జాగ్రత్త. మడ్‌గార్డుకు వేసే పెద్ద వాషర్ వేస్తే అది బేరింగు బయటి రింగును తాకుతుంది, బిగించగానే చక్రం తిరగనంటుంది. 16 మి.మీ. వాషర్ లోపలి రింగు మీదే ఆనుతుంది. నట్టు కూడా అతిగా బిగిస్తే గొట్టం గోడలు లోపలికి నొక్కుకుపోతాయి.

కొత్త బేరింగులో గట్టి గ్రీజు ఉంటుంది. అసలు లాగుడంతా దానిదే. కిరసనాయిల్లో నానబెట్టి, తిప్పి, ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చక్రం వేలితో మీటినా చాలాసేపు తిరుగుతుంది. రబ్బరు సీలున్న రకం ఎందుకు వద్దంటే, సీలు రింగును పట్టుకునే ఉంటుంది, కడిగినా ప్రయోజనం లేదు.

తయారైన బండి 280 గ్రాముల చిల్లర తూగింది. గొట్టం లోపల ఇసుక పొట్లం కుక్కి సరిగ్గా 350 గ్రాములకు తెచ్చాం. గుండ్రటి అంకె కోసం చేసిన పని, అంతకుమించి భౌతికశాస్త్రం ఏమీ లేదు.

జూలై మూడో వారం: పట్టా ఎత్తు, కప్పీ, దారం

బల్ల ఎత్తు 75 సెం.మీ. బండి పరుగు మీటరు. వేలాడే బరువు 75 సెం.మీ. దిగి నేలకు తగలగానే దారం వదులవుతుంది, ఆ తర్వాత 25 సెం.మీ. బండిని లాగేది ఏదీ లేదు. మనం మాత్రం మీటరంతా ఒకే త్వరణం అనుకుని లెక్క వేస్తాం. ఫలితం రెండు నుంచి నాలుగు శాతమే తగ్గుతుంది కాబట్టి అనుమానం కూడా రాదు. అందుకే బల్ల మీద బెంచీ వేసి పట్టాను 1.2 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాం. కింద పాత గోనెపట్టా మడతపెట్టి, పట్టా కొసన స్పాంజి ముక్క కట్టాం.

మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు బాగా పనికొచ్చింది. స్పిరిట్ లెవల్ అడుగు పొడవుకే చూపిస్తుంది, నీటి గొట్టం రెండు కొసలనూ ఒకేసారి పోలుస్తుంది.

దారం పట్టాకు సమాంతరంగా ఉండేలా కప్పీని బిగించాలి. కప్పీ ఎత్తు ఎక్కువై దారం 10 డిగ్రీలు వాలితే ముందుకు లాగే బలం ఒకటిన్నర శాతం తగ్గుతుంది. బండి కప్పీకి దగ్గరవుతున్నకొద్దీ ఆ వాలు పెరుగుతుంది, అంటే బలం దారి పొడవునా మారుతూ పోతుంది. నూలు దారానికి ముడి దగ్గర పీచు లేచి కప్పీ గాడిలో పట్టుకుంటుంది. నైలాన్ తీగే మేలు. ఇత్తడి కప్పీ చూడ్డానికి బాగుంటుంది గానీ బరువెక్కువ, తిప్పడానికే బలం ఖర్చవుతుంది.

జూలై ఆఖరు: కాలం కొలవడం

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. నిశ్చల స్థితి నుంచి బయలుదేరి మీటరు దూరం 'ట' సెకన్లలో పోతే త్వరణం = 2 ÷ ట² (మీ./సె.²లో). కాలం మీద వర్గం ఉంది కాబట్టి కాలంలో ఒక శాతం తప్పుకు త్వరణంలో రెండు శాతం తప్పు వస్తుంది. స్టాప్‌వాచీ బొటనవేలితో నొక్కితే పదో వంతు సెకను ఇట్టే పోతుంది. 1.37 సెకన్ల పరుగును 1.27 అని నొక్కితే త్వరణం 1.07 బదులు 1.24 వస్తుంది.

ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తే ఒక్కో ఫ్రేము సెకనులో 240వ వంతు. ముందుగా ఇంకో ఫోనులో నడుస్తున్న స్టాప్‌వాచీని వీడియో తీసి సరిచూసుకోవాలి, కొన్ని ఫోన్లు 240 అని రాసి తక్కువే తీస్తాయి.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. బండి ఏ ఫ్రేములో కదలడం మొదలుపెట్టింది? త్వరణం 0.14 ఉన్నప్పుడు మొదటి మిల్లీమీటరు కదలడానికే 0.12 సెకను పడుతుంది. కంటికి కదలిక తెలిసేసరికి పాతిక, ముప్పై ఫ్రేములు దాటిపోతాయి. దీనికి మందు లెక్కలోనే ఉంది. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన వస్తువు పావు దూరానికి సగం కాలం తీసుకుంటుంది. కాబట్టి 25 సెం.మీ. గుర్తు నుంచి 100 సెం.మీ. గుర్తుకు పట్టిన కాలాన్ని రెట్టింపు చేస్తే మొత్తం కాలం వచ్చేస్తుంది. బయలుదేరిన ఫ్రేము వెతకనే అక్కర్లేదు. 50 గ్రాములు వేలాడదీసిన ఒక పరుగులో 25 దగ్గర 312వ ఫ్రేము, 100 దగ్గర 476వ ఫ్రేము. తేడా 164. 240తో భాగిస్తే 0.683 సెకను, రెట్టింపు 1.37 సెకన్లు.

ఈ పద్ధతికి షరతు ఒక్కటే, గుర్తులు చదవడానికి బండికి తగిలించిన ముల్లు సరిగ్గా సున్నా గుర్తు దగ్గరే నిలబడి, ఏ తోపూ లేకుండా బయలుదేరాలి. సెంటీమీటరు వెనక నుంచి వదిలితే త్వరణం రెండు శాతం ఎక్కువ కనబడుతుంది. చేత్తో వదిలితే వేళ్లు ఎటో ఒకటు తోస్తాయి. బండి వెనక కొక్కేనికి నూలు దారం కట్టి మేకుకు బిగించి, అగ్గిపుల్లతో దారాన్ని కాల్చడం పద్ధతి. కత్తెరతో కోస్తే చిన్న కుదుపు మిగులుతుంది.

ఫోను రెండు మీటర్ల దూరంలో, పట్టా మధ్యకు ఎదురుగా. టేపును పట్టా అంచుకు అతికించి, బండి ముల్లు దాన్ని రాసీ రాయనట్టు పెట్టాలి. ముల్లుకూ టేపుకూ మధ్య 2 సెం.మీ. ఖాళీ ఉంటే, కెమెరా నడిమి నుంచి 50 సెం.మీ. పక్కన చదివే అంకెలో అర సెంటీమీటరు తేడా వస్తుంది. సీలింగ్ ఫ్యాను కట్టేయాలి, వేలాడే బరువు ఊగుతుంది. గదిలోకి వచ్చే ఎర్రమన్ను దుమ్మును ప్రతి పరుగుకు ముందు పొడిగుడ్డతో తుడవాలి.

ఆగస్టు: మొదటి అంకెలు

మొత్తం ద్రవ్యరాశి మారకుండా బలం ఒక్కటే మార్చాలి. అందుకని హ్యాంగరు (10 గ్రా.) ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, మిగతా నాలుగు 10 గ్రాముల బాట్లూ బండి మీద ఉంటాయి. ఒక్కొక్కటే బండి మీంచి తీసి హ్యాంగరుకు వేస్తాం. 350 + 10 + 40, మొత్తం ఎప్పుడూ 400 గ్రాములే. హ్యాంగరు బరువు కలపడం మరిచిపోతే వరుసలన్నీ తప్పుతాయి.

గురుత్వ త్వరణం పుస్తకంలో 9.8. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లు ఉన్న 17 డిగ్రీల అక్షాంశం దగ్గర 9.78 తీసుకోవడం ఇంకా సరి. ఈ పట్టా మీద ఆ తేడా తెలియదు, అయినా సరైన అంకె ఉండగా వేరేది ఎందుకు?

వేలాడే బరువు 10 గ్రా.: బలం 0.0978 న్యూటన్, కాలం 3.82 సె., త్వరణం 0.137
20 గ్రా.: 0.1956 న్యూటన్, 2.32 సె., 0.372
30 గ్రా.: 0.2934 న్యూటన్, 1.82 సె., 0.604
40 గ్రా.: 0.3912 న్యూటన్, 1.55 సె., 0.832
50 గ్రా.: 0.4890 న్యూటన్, 1.37 సె., 1.066

మొదటి వరుసలో బలాన్ని త్వరణంతో నేరుగా భాగిస్తే 0.71 కిలో వస్తుంది. కాంటా మీద ఉన్నది 0.400. ఆఖరి వరుసలో 0.46. చాలా రికార్డు పుస్తకాల్లో ఇక్కడే "ప్రయోగ దోషం" అని రాసి మూసేస్తారు. దోషం అనడానికి ముందు గ్రాఫు గీయాలి.

నిలువు గీత మీద బలం, అడ్డగీత మీద త్వరణం. ఐదు చుక్కలూ తిన్నగా ఒక గీత మీద కూర్చున్నాయి. ఆ గీత సున్నా గుండా పోవడం లేదు, బలం అక్షాన్ని 0.040 న్యూటన్ దగ్గర కోస్తోంది. అది ఘర్షణ. బండిని కదిలించడానికి ముందు ప్రతి వరుసలోనూ అంత బలం దానికే పోతోంది. 0.0978లో 0.040 పోతే నలభై శాతం పోయినట్టే, అందుకే మొదటి వరుస అంత అధ్వానంగా ఉంది. సూత్రంలో బలం అంటే ఫలిత బలం అని పుస్తకం చెప్పేది ఇదే.

గీత వాలు: (0.4890 − 0.0978) ÷ (1.066 − 0.137) = 0.421 కిలో. ఘర్షణ ఎంత ఉన్నా వాలు మారదు, కాబట్టి ఇది నికరమైన అంకె. కాంటా 400 అంటోంది, గ్రాఫు 421 అంటోంది.

ఆగస్టు రెండో సగం: పట్టా వాల్చడం, ఆ 20 గ్రాములు

ముందు ఘర్షణ సంగతి తేల్చాం. వెనక కొస కింద ప్లైవుడ్ ముక్కలు పెడుతూ, దారం లేకుండా బండిని మెల్లగా తోసి వదలాలి. మొదటి 50 సెం.మీ.కు, తర్వాతి 50 సెం.మీ.కు పట్టిన ఫ్రేములు సమానమయ్యేదాకా ఎత్తు సర్దాలి. మీటరుకు 10 మి.మీ., అంటే మొత్తం పట్టాకు 24 మి.మీ. దగ్గర కుదిరింది. దొర్లే ఘర్షణ బరువుతోపాటే పెరుగుతుంది, వాలు వెంట లాగే భారం భాగం కూడా అలాగే పెరుగుతుంది. అందుకే ఒకసారి కుదిరిన వాలు బండిపై ఎంత బరువు వేసినా పనికొస్తుంది. వాల్చాక కప్పీని మళ్లీ సర్దాలి, దారం పట్టాకు సమాంతరం తప్పి ఉంటుంది.

ఇప్పుడు బలం మార్చకుండా 50 గ్రాముల దగ్గర ఆపి, బండి మీద 200 గ్రాముల బాట్లు ఒక్కొక్కటే రబ్బరు బ్యాండుతో కట్టాం. ప్రతి బరువుకూ పలుమార్లు తీసి సగటు కట్టిన కాలాలు ఇవి.

తూచిన మొత్తం 400 గ్రా.: 1.31 సె., త్వరణం 1.165, బలం ÷ త్వరణం = 420 గ్రా.
600 గ్రా.: 1.59 సె., 0.791, 618 గ్రా.
800 గ్రా.: 1.83 సె., 0.597, 819 గ్రా.
1000 గ్రా.: 2.04 సె., 0.481, 1017 గ్రా.

ప్రతిచోటా 20 గ్రాముల చుట్టుపక్కలే ఎక్కువ. ఆఖరి వరుసలో కాలం 0.01 సెకను జరిగితేనే 10 గ్రాములు జరుగుతాయి కాబట్టి 17, 20ల మధ్య తేడాకు అర్థం వెతకక్కర్లేదు. చూడాల్సింది అది పెరగకపోవడం. కాలం కొలతలోనో, దూరం గుర్తులోనో తప్పుంటే అది శాతాల్లో ఉంటుంది. 400 దగ్గర ఐదు శాతం అయితే 1000 దగ్గర 50 గ్రాములు కావాలి. అలా కాలేదు. కాబట్టి ఇది కొలత తప్పు కాదు, బండితోపాటు ఎప్పుడూ ఉండే నిజమైన జడత్వం.

అది చక్రాలది. బండి ముందుకు పోతూంటే బేరింగుల బయటి రింగులు ముందుకూ పోతున్నాయి, గిర్రున తిరుగుతూనూ ఉన్నాయి. వాటిని ముందుకు నెట్టే బలం కాంటా చూపే ద్రవ్యరాశిలో లెక్కకు వచ్చేసింది. తిప్పే బలం రాలేదు. 608 బేరింగు 12 గ్రాములుంటే అందులో బయటి రింగు 5 గ్రాముల మేర. రింగు ఉక్కంతా అంచు దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పడానికి దాదాపు మరో నాలుగున్నర గ్రాముల ద్రవ్యరాశిని ముందుకు నెట్టినంత పని పడుతుంది. నాలుగు చక్రాలకు 18 గ్రాములు. 6 గ్రాముల కప్పీ నిండు బిళ్ల లాంటిది కాబట్టి అందులో సగం, 3 గ్రాములు. కలిపితే 21.

400 గ్రాముల వరుసను పిల్లల ముందు పెట్టాల్సిన తీరు ఇది. 50 గ్రాములు వేలాడుతున్నాయి. బండి ద్రవ్యరాశి 0.350 ఒక్కటే వేస్తే త్వరణం 1.40 రావాలి. వేలాడే బరువు కూడా కదులుతోంది కదా అని 0.400 వేస్తే 1.22. తిరిగేవాటినీ కలిపి 0.421 వేస్తే 1.16. కొలిచింది 1.165. దారం దేన్ని కదిలిస్తోందో అదంతా ద్రవ్యరాశిలోకి రావాలి. మొదటి తప్పు ఇరవై శాతం, రెండోది ఐదు శాతం.

దారంలో తన్యత (దారం లాగే బలం) కూడా 0.489 న్యూటన్ ఉండదు. వేలాడే బరువే 1.165 త్వరణంతో దిగుతోంది కాబట్టి 0.050 × (9.78 − 1.165) = 0.431 న్యూటన్. బండిని చేత్తో ఆపి పట్టుకున్నప్పుడే 0.489. పరీక్షలో "తన్యత = భారం" అని రాసేవాళ్లకు ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపించాలి.

సెప్టెంబరు: పుస్తకం లెక్కలకు తిరిగి రావడం

పట్టా మీద చూశాక పుస్తకం లెక్క చేయించాలి. మిర్యాలగూడ మిల్లులో 50 కిలోల బియ్యం బస్తాలు 200 ఎక్కించిన లారీ, ఖాళీ లారీ బరువు 6,000 కిలోలు. 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 54 కి.మీ. వేగంతో పోతూ బ్రేకు వేస్తే 45 మీటర్లలో ఆగింది. బ్రేకు బలమెంత?

54ను 5/18తో గుణిస్తే 15 మీ./సె. త్వరణం = 15² ÷ (2 × 45) = 2.5, దిశ వెనక్కి. ద్రవ్యరాశి 6,000 + 10,000 = 16,000 కిలోలు. బలం 40,000 న్యూటన్లు. తప్పులు వచ్చేది మూడు చోట్ల. 54ను మార్చకుండా వేస్తే జవాబు దాదాపు 13 రెట్లవుతుంది. బస్తాలు మరిచి 6,000 వేస్తే 15,000 న్యూటన్లు వస్తుంది. "బరువు 16 టన్నులు కాబట్టి బలం 16 టన్నులు" అనేది మూడోది. ఖాళీ లారీకి అదే 40,000 న్యూటన్లు వేస్తే కాగితం మీద 17 మీటర్లలో ఆగాలి, రోడ్డు మీద అంతకు ముందే టైర్లు పట్టు తప్పి జారవచ్చు. లారీ చక్రాలకూ తిరిగే జడత్వం ఉంది. 16 టన్నుల ముందు అది చిన్నది కాబట్టే పుస్తకం దాన్ని వదిలేస్తుంది. మన 350 గ్రాముల బండి దగ్గర వదలడం కుదరలేదు.

తర్వాతి పని

బండి పక్కన పెట్టి, అదే కప్పీకి రెండువైపులా బరువులు కట్టి అట్‌వుడ్ యంత్రం చేయాలి. ఒకవైపు 100 గ్రాములు, ఇంకోవైపు 110. నడిపే బలం 10 గ్రాముల భారం, 0.0978 న్యూటన్. కదిలే ద్రవ్యరాశి 210కి కప్పీ 3 కలిపి 213 గ్రాములు. త్వరణం 0.459, మీటరు దిగడానికి 2.09 సెకన్లు. చక్రాలు లేవు కాబట్టి, కొలిచిన కాలం ఇంతకంటే ఎక్కువ వస్తే ఆ తేడా కప్పీ ఇరుసు ఘర్షణదే. ఇక్కడ కప్పీ మీద పడే భారం బండి ప్రయోగంలో కంటే ఎక్కువ కాబట్టి దాని ఘర్షణా ఎక్కువే ఉంటుంది, అది దృష్టిలో పెట్టుకుంటే 0.040లో కప్పీ వాటాను అంచనా వేయవచ్చు. 110కి బదులు 120, 130 వేసి మళ్లీ గ్రాఫు గీయాలి. మొత్తం ద్రవ్యరాశి మారకుండా రెండో వైపు నుంచి అంతే తీసేయాలి.